కాటా మీది గది

కార్తెకొకసారి కూర్చుంటాం మేము,
పౌర్ణమికి కాదు, ఆదివారానికీ కాదు.
చిత్తూరులో, గుజ్జు ఫ్యాక్టరీల దారిలో,
లారీ కాటా మీదున్న గదిలో.
కింద బండెక్కినప్పుడల్లా నేల సన్నగా వణుకుతుంది.
చదివేవాళ్లు ఆగుతారు,
బండి దిగాక మళ్లీ అందుకుంటారు.

నియమం ఒకటే. పెట్టింది ఏకాంబరం,
పగలంతా బరువులు రాసే మనిషి.
ఈ పద్నాలుగు రోజుల్లో కంటబడనిది
కవితలోకి రాకూడదు.
పోయిన కార్తెలో కూసిన కోయిల పోయిన కార్తెదే.
చంద్రుడు కావాలంటే
చూసిన రాత్రి తేదీ చెప్పాలి.

రోహిణిలో ఖాదర్ వలీ
కరెంటు స్తంభమెక్కి చూసిన కాకిగూడు చదివాడు:
పుల్లలు మూడే,
మిగతాదంతా మా శాఖ పారేసిన తీగె.
మృగశిరలో చెంగల్రాయులు
విత్తనానికి చెనిక్కాయలు ఒలిచి ఒలిచి
బొటనవేలు వాచిపోయి
రెండే పాదాలు తెచ్చాడు:
"గింజ మా పక్క చూస్తా ఉండాది,
మేము పైకి చూస్తా ఉండాము."

ఆరుద్ర వచ్చింది. వాన రాలేదు.
నేను మాత్రం వాన కవిత తెచ్చాను.
నలభై రెండు పాదాలు.
అందులో నీవా నది ఒళ్లు విరుచుకుంది,
మట్టి తలంటుకుంది,
ఆకులన్నీ చప్పట్లు కొట్టాయి.
కళ్లు మూసుకుని చదివాను.
బాగా చదివాననే అనుకుంటున్నాను, ఇప్పటికీ.

కళ్లు తెరిచేసరికి
కిటికీలోంచి పులిసిన తీపి వాసన, ఈగలు.
కింద తోతాపురి ట్రాక్టర్లు
వరసలోకొచ్చి మూడో రోజు.

మునిరత్నమ్మ, ఫ్యాక్టరీలో కాయలేరే మనిషి,
వేళ్ల సందుల్లో సొన కాల్చిన మచ్చలు,
అడిగింది, ఎగతాళిగా కాదు, ఆశగా:
"యాడ పడిందినా? మా పక్కనా?"

ఎవరైనా నవ్వి ఉంటే బాగుండేది.
చెంగల్రాయులు కూడా నావైపే తిరిగాడు
జవాబు కోసం.
"ఊహించాను," అన్నాను.
ఆ మాట అంత చిన్నదని
అప్పటిదాకా నాకు తెలియదు.

నీళ్ల కోసం మెట్లెక్కి వచ్చిన రైతొకడు
గడప దగ్గర నిలబడి విన్నట్టున్నాడు.
"ఊహలో అయినా ఈ వారం పడనీయొద్దు సామీ,
కాయ నల్లబడితే గేటులోకి రానీరు."
"పడాల," అన్నాడు చెంగల్రాయులు.
"పడితే మా గతి?"
"పడకుంటే మాది?"
కాసేపు వాళ్లిద్దరే సభ నడిపారు.
నా నలభై రెండు పాదాల్లో
ఆ ప్రశ్నలు రెండూ లేవు.

ఏకాంబరం ఏమీ అనలేదు.
మా కవితలుండేది కాటా రిజిస్టరు చివరి పేజీల్లో.
అక్కడా అవే గడులు:
నిండు బండి బరువు, ఖాళీ బండి బరువు,
ఆ పక్కన తీసివేత.
ఆరుద్ర అని రాశాడు. నా పేరు రాశాడు.
కలం ఎత్తి పట్టుకున్నాడు.
నేను మూడో గడి వంక చూడలేకపోయాను.

అప్పుడు మునిరత్నమ్మ వంతు.
ఆమెకు రాత రాదు, నోటితో చెబుతుంది.
"బెల్టు మీద కాయ పోతా ఉండాది.
కాయ బుగ్గన ఒక చీమ.
కాయ దెబ్బ తినిండాది, పక్కకేసినా.
చీమ బెల్టు మీదే పడి
ఎదురు నడిచింది.
ఎంతసేపు నడిచినా
నా ముందరే ఉండాది.
అంతే."

ఏకాంబరం దించుకుంటుంటే
కింద నిండు బండెక్కింది.
చీమ దగ్గర అక్షరం వంకరపోయింది.
దిద్దలేదు.

కాగితం మడిచి జేబులో పెట్టుకుని మెట్లు దిగాను.
పునర్వసుకి ఇంకా తొమ్మిది రోజులు.
ట్రాక్టరు నీడన గోనెపట్ట మీద
టెంక చీకుతూ ఒక పిల్లవాడు
పైకి చూసి వేళ్లు ముడుస్తున్నాడు.
పక్కన కూర్చున్నాను.
"మబ్బులా?"
"కాకులు."
"ఎన్నున్నాయి?"
"అవి కుదురుగా ఉంటే కదా!"